జున్ను పళ్లెము

భువనగిరి గుట్ట మీదినుండి చలిగాలి దిగే డిసెంబరులో మా ఇంట గృహకూటము పెట్టుకుంటాము. ఆ రోజుల్లోనే బర్రె ఈనితే అతిథులకేమి పెట్టాలా అన్న చింత లేదు. దావీదు అన్నల దండుకు మోసికొనిపోయిన పది జున్నుగడ్డలు (1 సమూయేలు 17) పాలు విరిచి చేసినవి. మన జున్ను వేరు. ఈనిన బర్రె ముర్రుపాలు వేడి తగిలితే చాలు, గడ్డకడతాయి.

అయితే మొదట దూడ. రోగములను తట్టుకొనే బలము దానికి ఆ పాలతోనే రావాలి, అదీ పుట్టిన కొద్ది గంటల్లోనే. దాని కడుపు నిండాకే చెంబు పట్టుకుంటాము. మాకు దక్కిన గిన్నెడులో మామూలు పాలు, బెల్లము, మిరియాలు, యాలకులు కలిపి ఆవిరిపై ఉడికిస్తాము. మోదుగాకు విస్తరిలో జున్నుముక్కలు, ప్రక్కన వేయించిన పల్లికాయలు, రేగుపండ్లు, జొన్నరొట్టె తునకలు. కొనేవారు మంచి ధరే చెబుతారు. చేతిలో పైసలేని ఏడు కూడా అమ్మలేదు. పాడిలేని ఇండ్లకే ముందు పంపాము.

ఈసారి బర్రె ఇంకా ఈనలేదు. పల్లికాయలు మాత్రము ఎండబెట్టి ఉంచాము.