ఇంటిపేరు తెలియని చేపలు

కొత్తమనిషి కనిపిస్తే ముందు ఇంటిపేరు అడగడం మనవారి అలవాటు. తరతరాలుగా పరాయి రాష్ట్రాలలో కాపురాలు చేస్తున్న మన కుటుంబాలలో ఈ అలవాటు మరికాస్త యెక్కువ. ఇంటిపేరు వింటే చాలు, వారి పెద్దలు యే వూరినుంచి బయలుదేరారో సగం తెలిసిపోతుంది. మా ఇంట్లో అద్దాలతొట్టిలోని చేపల విషయంలోనూ ఇదే ప్రశ్న వచ్చిపడింది. జవాబుమాత్రం అంత సులభంగా దొరకలేదు.

మేము మూడు తరాలుగా చెన్నపట్నంలో వుంటున్నాము. మా బోరునీళ్లలో పప్పు వుడకదు, సబ్బు నురగ రాదు. చేపలమ్మే ఆయన ఈ సంగతి విని, "అయితే మీకు ఆఫ్రికా సిక్లిడ్లే సరి" అన్నారు. మాట నిజమే. తూర్పు ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీరు క్షారగుణం కలది. అక్కడి చేపలకు అటువంటి నీరే హితం. ఆయన అన్ని రంగులూ కలిపి పన్నెండు పిల్లలను పట్టియిచ్చారు. పేర్లు అడిగితే, "అన్నీ ఆఫ్రికావేనండీ" అని సెలవిచ్చారు.

సిక్లిడ్ల కుటుంబం మనకు బొత్తిగా పరాయిది కాదు. కేరళవారు మురిపెంగా తినే కరిమీను ఈ కుటుంబానిదే. ఒడిస్సాలోని చిలుకా సరస్సులోనూ అది వున్నది. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, అంటే తమిళులు జిలేబి అని పిలిచే చేప, అచ్చంగా ఆఫ్రికా సిక్లిడే.

అయితే మలావీ సరస్సు తీరే వేరు. దాని పొడవు దాదాపు 570 కిలోమీటర్లు. సిక్లిడ్ జాతులు అందులో వందల సంఖ్యలో వున్నాయి. వాటిలో దాదాపు అన్నీ ప్రపంచంలో మరెక్కడా పుట్టనివి. రాళ్లగుట్టలను ఆశ్రయించి బ్రతికేవాటిని అక్కడి టోంగా ప్రజలు 'ఎంబూనా' అంటారు. రెండు గుట్టల నడుమ ఇసుకబయలు వుంటే ఈ చేపలు సాధారణంగా దాటి పోవు. అందుచేత ఒకే జాతి ఒక తీరాన ఒక రంగులోనూ, మరొక తీరాన వేరొక రంగులోనూ కనిపిస్తుంది. చేపలు పెంచే రసికులు జాతి పేరు ప్రక్కన అది దొరికిన తీరం పేరుకూడా వ్రాసుకొనేది ఇందుకే. మన ఇంటిపేర్లలో వూళ్ల పేర్లు నిలిచినట్లే అనుకోండి.

మా మనుమరాలు ఒక నోటుపుస్తకం తెచ్చి, చేపకొక పేజీ కేటాయించి, "తాతయ్యా, రంగు చూసి పేర్లు వ్రాసేద్దామా?" అన్నది. రంగును యెంతవరకు నమ్మవచ్చునో ఆ చేపలే చెప్పాయి. పసుపు వంటిమీద నల్లచారలున్న చేప ఒకటి తొట్టిలో పెత్తనం సంపాదించింది. కొద్ది వారాలకే దాని వొళ్లు నల్లబడి, చారలు లేతరంగుకు తిరిగాయి. మెలనోక్రోమిస్ ఆరటస్ అనే జాతిలో పెత్తనానికి వచ్చిన మగది అట్లాగే మారుతుంది.

అచ్చ పసుపు చేప కథ ఇంకా వింత. దాని శాస్త్రనామం లాబిడోక్రోమిస్ సీరులియస్. లాటిన్ భాషలో సీరులియస్ అంటే నీలం! 1956లో జెఫ్రీ ఫ్రయర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టారు. ఆ జాతిలో తెల్లనివి, లేతనీలపువి వున్నాయి. పసుపువి సరస్సు పడమటి తీరాన కొద్దిమేర మాత్రమే వుంటాయి.

అందుచేత రంగును ప్రక్కన పెట్టి రూపం చూడసాగాము. సీరులియస్‌కు మూతి సన్నం. వీపురెక్క పొడుగునా నల్లపట్టీ వుంటుంది. దానిని పోలిన నారింజరంగు చేప ఎస్తరేకు తల బొద్దుగా వుంటుంది, వీపున ఆ పట్టీ వుండదు. ఈ ఎస్తరే ఇంటిపేరు మేలాండియా అని కొందరు పండితులు, కాదు మెట్రియాక్లిమా అని కొందరు! శాస్త్రజ్ఞులు పళ్ల ఆకారంకూడా పరీక్షిస్తారు. బ్రతికివున్న చేప నోరు తెరిచి పళ్లు చూడడం మావల్ల అయ్యేపని కాదు.

చివరకు తొమ్మిది చేపలకు పేర్లు కుదిరాయి. మూడింటికి కుదరలేదు. వాటి రంగు పసుపుకూ నారింజకూ మధ్య. వీపున నల్లపట్టీ చెరిగిపోయిన కాటుకలాగా వున్నది. తొట్టిలో ఇసుకబయలు అడ్డు వుండదు గనుక జాతులు కలిసిపోతాయి. ఇవి అట్లాంటి సంకరం కావచ్చునని మా అనుమానం.

పోయిన వేసవిలో పసుపు చేప ఒకటి మేత మానేసింది. గవదబిళ్లలు లేచినట్లు దాని దవడ వుబ్బింది. ఎంబూనా తల్లి గుడ్లను మూడు వారాలపాటు నోటిలోనే పెట్టుకొని పొదుగుతుంది. పద్దెనిమిది పిల్లలు బయటికి వచ్చాయి. తల్లి సీరులియస్, సందేహం లేదు. తండ్రి తన జాతివాడో, ఆ ముగ్గురిలో ఒకడో తెలియదు.

ఎదురింటివారు వచ్చి చూసి, "అన్నగారూ, అసలైన పసుపు జాతి అని ఒక్కమాట చెప్పి మాకివ్వండి. మావాడు పెంచి దుకాణానికి వేస్తే నాలుగు డబ్బులు వస్తాయి" అన్నారు. "తల్లి పసుపుదే కదా తాతయ్యా!" అని మనుమరాలుకూడా అన్నది. చిన్న మాటే. కాని ఒకసారి తప్పుపేరు అంటుకున్న చేప ఇంకొక తొట్టిలో పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలకూ అదే పేరు. తరువాత విడదీసేవారు వుండరు.

విక్టోరియా సరస్సులో ఇంతకంటె పెద్ద అనర్థమే జరిగింది. 1950 దశకంలో అందులో నైల్ పెర్చ్ అనే పెద్దచేపను వదిలారు. 1980 దశకంలో అది విపరీతంగా పెరిగి అక్కడి సిక్లిడ్లలో యెన్నో జాతులను మింగేసింది. పైగా నీరు మురికిపట్టి మసకబారడంవల్ల ఆడచేపలు తమ జాతి మగవాని రంగును పోల్చుకోలేక జాతులు కలిసిపోతున్నవని 1997లో ఓలే సీహౌసెన్, ఆయన సహచరులు వెల్లడించారు. ఆ సరస్సు జాతులు కొన్ని ఇప్పుడు మనుష్యులు పెంచే తొట్లలోనే నిలిచివున్నాయి. అటువంటప్పుడు తొట్టిమీద అంటించిన చీటీ కూడా ఒక దస్తావేజే.

మనుమరాలికి ఇదంతా వివరించాము. ఎదురింటివారికి ఆరు పిల్లలను, ఇంట్లో పెంచుకోవడానికే అనే షరతుమీద, వూరికే ఇచ్చాము. సీసాకు అంటించిన చీటీ ఆ పిల్లే వ్రాసింది: "తల్లి, లాబిడోక్రోమిస్ సీరులియస్. తండ్రి, తెలియదు. పుట్టినచోటు, చెన్నపట్నం." చివరిమాట మేము చెప్పినది కాదు. మిగిలిన పన్నెండూ మా తొట్టిలోనే తిరుగుతున్నాయి. నోటుపుస్తకంలో ఆ మూడు పేజీలలో పేరు వ్రాయవలసిన చోటు ఇప్పటికీ ఖాళీగానే వున్నది.