పాడినవాడి పేరు

ఒక పుస్తకం టైటిల్ పేజీ గురించి చెప్పాలని చాలా రోజులుగా ఉంది. 1982లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళ క్లారెండన్ ప్రెస్ వేసిన ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’. రచయిత జీన్ రోఘేర్. ఉపశీర్షిక బాగా పొడుగు. దాని చివర్లో, ఇది అలిశెట్టి గాలెయ్య పాడిన కథ అని ఉంటుంది. రిసెర్చి పుస్తకాల్లో ఇలాంటి పేర్లు మామూలుగా ముందుమాటలో, కృతజ్ఞతల వరసలో కనిపిస్తాయి. ఇక్కడ అది పుస్తకం పేరులోనే ఉంది.

రోఘేర్ అప్పట్లో అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ విద్యార్థి. వెల్చేరు నారాయణరావు అక్కడ తెలుగు చెప్తున్న రోజులవి. 1970ల్లో రోఘేర్ పల్నాడు వచ్చి, గాలెయ్య పాడగా వీరుల కథని రికార్డు చేసుకున్నాడు. గాలెయ్య వీరవిద్యావంతుడు. వీరవిద్యావంతులు మాలలు. పంబజోడు, తిత్తి తోడుగా ఈ కథ పాడటం వాళ్ళకి తరతరాలుగా వస్తున్న విద్య.

మాది పల్నాడే. కానీ నేను మొదట చూసిన నాగమ్మ భానుమతి, బ్రహ్మనాయుడు ఎన్టీఆర్. 1966 నాటి ఆ సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా ఇంట్లో అందరం కూర్చునేవాళ్ళం. ఇంజనీరింగ్‌లో ఉండగా శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద చదివాను, అక్కిరాజు ఉమాకాంతం 1911లో పరిష్కరించి అచ్చేయించింది. రోఘేర్ పుస్తకం దొరికింది ఉద్యోగంలో చేరాకే.

ఉమాకాంతం వెతికింది ఒక కవి రాసిన కావ్యపాఠం కోసం. రోఘేర్‌కి కావలసింది ఒక మనిషి, ఒక కాలంలో, ఒక చోట పాడిన పాఠం. రెండూ అవసరమైన పనులే. మా ఆఫీసులో ఒకే కోడ్‌కి పది వెర్షన్లుంటే అసలుది ఏదని అడుగుతాం. ప్రతి మార్పు పక్కనా చేసినవాళ్ళ పేరూ, తేదీ కూడా ఉంటాయి. నోటి కథ దగ్గర ‘అసలుది ఏది’ అన్న ప్రశ్న పనికిరాదు. పేరూ తేదీ మాత్రం పనికొస్తాయి.

ఈ కథకి అవి మరీ ముఖ్యం. ఇందులో మాల కన్నమదాసు బ్రహ్మనాయుడికి కొడుకులాంటివాడు, సేనాని. కులాలు పక్కనపెట్టి అందరూ ఒకే చాపమీద తిన్న చాపకూడు ఈ కథలోదే. అలాంటి కథని మోసుకొచ్చినవాళ్ళకి మాత్రం అచ్చులో పేర్లు లేవు. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు వీధిలో ఒకామె పల్నాటి వీరుల్ని పాడుతుంది. ఆమె పాటని వర్ణించిన పద్యం శతాబ్దాలు దాటి మన దాకా వచ్చింది. ఆమె పేరు రాలేదు.

అలాగని రోఘేర్ పుస్తకంతో పేచీ లేదనను. పంబ మోత ఇంగ్లీషు వచనంలో వినపడదు. చదువుతున్నంతసేపూ ఒక్కో వాక్యాన్ని మనసులో మళ్ళీ తెలుగులోకి తిప్పుకుంటూ, గాలెయ్య ఇక్కడ ఏ మాట వాడి ఉంటాడా అనుకుంటూనే ఉన్నాను. మా ఊరి కథకి నేనే అనువాదకుణ్ణయ్యాను. పైగా లైబ్రరీ కేటలాగులో రచయిత ఎవరంటే రోఘేరే. గాలెయ్యది టైటిల్ చివర దాకా చదివినవాళ్ళకే కనపడే పేరు.

పోయిన కార్తీకంలో కారంపూడి ఉత్సవాలకి వెళ్ళాను. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు, మొత్తం అయిదు రోజులు. మందపోరు నాడు వీర్ల గుడి దగ్గర ఒక పెద్దాయన పాడుతున్నారు.

“ఈయన పేరేంటి మామయ్యా?”

“పేరెందుకురా? విద్యావంతులు గదా!”

పాట ఆగినప్పుడు దగ్గరికెళ్ళి ఆయన్నే అడిగాను. తన పేరుతో ఆగలేదు. నాన్న పేరు, తాత పేరు, ఏ ఘట్టం ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెప్పుకొచ్చారు. పుస్తకాల్లో లేని పట్టిక అంతా ఆయనకి కంఠతా ఉంది. ఫోన్ తీసి, పేర్లు పత్రికలో వేయొచ్చా అనడిగాను.

“అది తర్వాత సంగతి బాబూ. ముందు కూచోండి, బాలచంద్రుడు యుద్ధానికి పోతున్నాడు.”

రోఘేర్ కూడా ముందు చేసింది అదే. కూర్చుని విన్నాడు. వెనక్కి వెళ్ళి పుస్తకం చేసేటప్పుడు, ఎవరు పాడితే విన్నాడో ఆ పేరు వదిలేయలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని నేనూ చాప మీద చోటు వెతుక్కున్నాను.