జూలూరుపాటి త్రోవలో

ఖమ్మమునుండి భద్రాచలమునకు సుమారు 120 కిలోమీటర్లు. బస్సులో పోవువారి కది మూడు గంటల ప్రయాణము. అందులో నొక గంట నిద్రకే పోవును. ఏటేట శ్రీరామనవమికి పోవు మన స్త్రీలలో ననేకులకు వైరా యనిన కిటికీలోనుండి కనబడు చెరువు, కొత్తగూడె మనిన బస్సు నిలుచు చోటు. ఈ ఫాల్గుణ మాసాంతమున మే మా త్రోవను సైకిళ్ళపై మూడు దినములలో గడచితిమి. మేమనగా ఒక వీథిలో కాపురముండు ఇద్దరు గృహిణులము, ఒకరినొకరు వదినా యని పిలుచుకొనువారము. మొదటి దినము పొలముల నడుమ సాఫీగా జరిగినది. మూడవ దినమును గూర్చి, స్వామి దర్శనమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. తల్లాడనుండి ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెము చేర్చిన నడిమి దినమును గూర్చియే యిక్కడ చెప్పదలచితిమి.

బయలుదేరుటకు ముందు ఇంటివారు చెప్పిన భయములు తక్కువవి కావు: లారీలు, ఎండ, కుక్కలు, త్రాగి తిరుగువారు, చీర చక్రములో చిక్కుకొనుట. అవి వినుచుండగా అయోధ్యకాండలో శ్రీరాముడు అడవిలోని కష్టములను సీతకు వరుసగా చెప్పు ఘట్టము జ్ఞప్తికి వచ్చినది. సింహములు, మొసళ్ళున్న నదులు, ముళ్ళు, ఆకులపై పడక, ఆయన యేమియు విడువలేదు. ఆమె యన్నియు విని, వాదించి, గెలిచి, వెంట పోయినది. మా కంతటి వాక్శక్తి లేదు గావున నెలదినములు తెల్లవారుజామున ఊరిచుట్టు తొక్కి చూపితిమి. చీర మాటకు వచ్చినచో, మా వదిన పంజాబీ దుస్తులు ధరించినది. రెండవవారు చీరతోనే, కుచ్చిళ్ళు కొంచెము పైకి బిగించి, వెనుక చక్రమునకు జాలీ వేయించుకొని తొక్కిరి. మూడు దినములలో చీర ఒక్కసారియు చిక్కుకొనలేదు. లారీలను గూర్చిన భయము మాత్రము న్యాయమైనదే. సారపాక కాగితపు మిల్లునకు పోవు జామాయిలు కఱ్ఱ లారీలు కొలతకు మించి ప్రక్కలకు పెరిగియుండును. అవి వచ్చు శబ్దము వినబడగానే రోడ్డు దిగి నిలుచుటయే మా నియమము.

తల్లాడలో బంధువులయింట నిదురించి, పులిహోర కట్టుకొని, నిమ్మకాయలును, ఉప్పు పంచదార కలిపిన పొట్లములును, గాలిపంపును, ఒక క్రొత్త ట్యూబును తగిలించుకొని అయిదున్నరకే బయలుదేరితిమి. కొత్తగూడెమునకు సుమారు 45 కిలోమీటర్లు. అది మిరపకోతల కాలము. కల్లములలో ఆరబోసిన కాయల ఘాటు గాలిలోనే యుండుటచే ముక్కునకు గుడ్డ చుట్టుకొని తొక్కవలసివచ్చినది. బస్సులోనివారి కా ఘాటు ఒక తుమ్ము. సైకిలుపై నున్నవారి కది ఆరేడు కిలోమీటర్లు. చేలలో కోయుచున్న స్త్రీల మాట వేరుగా నుండెను. విచారింపగా ఛత్తీస్‌గఢ్‌నుండి కోతలకై కుటుంబములతో వచ్చినవారని తెలిసినది. వారికి పగలంతయు ఆ గాలియే గదా.

ప్రతి యూరిలోను మమ్ము ఆపి యడిగిన ప్రశ్న యొక్కటే: "ఎటు పోతున్నరమ్మా? ఎంబడి మగోళ్ళెవరూ లేరా?" జూలూరుపాడు చేరులోపల ఇది తొమ్మిదిసారులు వింటిమి. మొదటి రెండుసారులు మా వదిన, "వెనక వస్తున్నరు" అని బదులు చెప్పినది. మూడవసారి ఒక ముదుసలి రైతు ఆ మాట నమ్మి, నొసట చేయి యడ్డము పెట్టుకొని మేము వచ్చిన దిక్కునకు చాలసేపు చూచి, "ఇంకా రాలేదే!" యని మాకొరకు చింతపడసాగెను. నవ్వు ఆపుకొనుట కష్టమైనది. అటుపై "లేరు, మేమిద్దరమే" యనుటయే సులభమని నిశ్చయించుకొంటిమి. ఆ మాట విన్నవారిలో కీడు తలపెట్టినవా రొక్కరును లేరు. ఒకరు మజ్జిగ యిచ్చిరి, మరియొకరు ముందున్న యెత్తునుగూర్చి హెచ్చరించిరి.

ఏన్కూరు దాటిన పిమ్మట నేల మారును. నల్లరేగడి తగ్గి యెఱ్ఱ దుబ్బ కనబడును. ప్రత్తిచేలకును జామాయిలు తోటలకును నడుమ టేకు, మోదుగు చెట్లు కలియును. మోదుగలు చాలవరకు రాలిపోయి రోడ్డుప్రక్క పొడిబారి పడియుండెను. ఒక యిప్పచెట్టు క్రింద ఇద్దరు స్త్రీలు వేకువను రాలిన పూవు లేరుకొనుచుండిరి. ఆ తియ్యని, కొంచెము పులిసిన వాసన మిరప ఘాటునకు విరుగుడుగా నుండెను. ఇచ్చటి యెత్తులు కంటికి కనబడనివి. రోడ్డు సమముగనే యున్నట్లు తోచును, కాళ్ళు మాత్రము కాదని చెప్పును. కారులోను బస్సులోను పదిసారులు పోయినను ఈ సంగతి తెలిసియుండదు. ఒకచోట దిగి నడిపించుకొని పోతిమి. అందులో చిన్నతన మేమియు లేదు.

తొమ్మిదింటికి జూలూరుపాడు. కూడలిలో ఇడ్లీలు తిని, మా వదిన వెనుక చక్రములో గాలి దిగుచుండుటచే పంక్చరు దుకాణమునకు పోతిమి. పిల్లవాడు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వచ్చుచోట వ్రేలు పెట్టి, ఆకురాయితో గీకి, అతుకు వేయుచుండగా, మూటతో వచ్చిన యొక కోయ యవ్వ మా ప్రక్కన గూర్చుండెను. ఆమె మగవారి మాట యడుగలేదు. సైకిలు క్యారియరును పట్టి యూపి చూచి, "ఇది ఎంత బరువు మోస్తది బిడ్డా?" యని యడిగెను. మరికొన్ని వారములలో తునికాకు కోత వచ్చును. యాబది యాకులు ఒక కట్ట. అట్టి వేయి కట్టలు ఒక బస్తా. వేకువను అడవిలో కోసిన ఆకును కట్టలుగట్టి కల్లమువరకు నెత్తిన మోయుదురు. ఆమె ప్రశ్న వెనుక నున్న లెక్క మాకు కొంతసేపటికి గాని బోధపడలేదు. యాబది కిలోలు మోయునని దుకాణపు పిల్లవాడు చెప్పగా, తల యాడించి మరల క్యారియరు ముట్టి చూచెను.

ఈ యూరు ఒకప్పుడు సరిహద్దు సీమలోనిది. జూలూరుపాడు నిజాము రాజ్యములో నుండగా, భద్రాచలము 1860లో ఇంగ్లీషువారికి పోయినది. రామదర్శనమునకు పోవు తెలంగాణపు ఆడపడుచు గోదావరిని పడవలో దాటినచో వేరొక రాజ్యమున దిగెడిది. భద్రాచలము తూర్పుగోదావరి జిల్లానుండి 1959లో ఖమ్మము జిల్లాలో చేరినది. నదిపై వంతెన 1965లో తెరువబడినది. 2016లో ఈ ప్రాంతమంతయు భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యైనది. ఇన్ని గీతలు చెరిపి వ్రాసినను, నడిచిపోవువారి కాలిబాట మాత్రము అటే పోవుచున్నది.

ఎండ ముదిరిన వేళ ఊరు దాటి యొక చింతచెట్టు నీడను పులిహోర విప్పితిమి. ఒంటిపూట బడి విడిచినది కాబోలు, ఒకే సైకిలుపై ఇద్దరు బాలికలు యూనిఫారములతో వచ్చి మా సైకిళ్ళను చూచి దిగిరి. పెద్దది తొమ్మిదవ తరగతి. బడి తమ తండాకు అయిదు కిలోమీటర్లనెను. సైకి లెవరిదని యడిగితిమి.

"అన్నది. అన్న మిర్చి పనికి పోతే సైకిలూ పోతది."

"ఆ దినములలో నేమి చేయుదురు?"

"నడుస్తం. లేకుంటే మానేస్తం."

ఈ రెండవ మాటను ఆ పిల్ల యెంత తేలికగా ననెను! బీహారులో 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు ప్రభుత్వము సైకిళ్ళు ఇచ్చుట ప్రారంభించిన పిమ్మట ఉన్నత పాఠశాలలలో వారి చేరిక దాదాపు మూడవవంతు పెరిగినదనియు, బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న యూళ్ళలోనే ఆ మేలు ముఖ్యముగా కనబడినదనియు పరిశోధకులు తేల్చిరి. తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో 1990వ దశకపు తొలి సంవత్సరములలో అక్షరాస్యతోద్యమముతో పాటు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చిరి. చదువునకును చక్రమునకును సంబంధ మేమని యచ్చట నెవ్వరు నడుగలేదు. బుద్ధిలేక ఆడపిల్ల బడి మానుచున్నదని మనము పెద్దమాట లాడుదుము గాని, అయిదు కిలోమీటర్ల యెండను లెక్కలోనికి తీసికొనము.

మా వదిన తన గేర్ల సైకిలును పెద్దదానికిచ్చి త్రొక్కుమనెను. ఆ పిల్ల ఎత్తు చివరివరకు పోయి, తిరిగివచ్చి, దిగక అట్లే నిలిచి, వెల యడిగెను. చెప్పితిమి. ఆ సొమ్ము ఆమె మనస్సులో మిరపకోత కూలిదినములుగా మారుచుండుట ముఖమునందే కనబడెను. తరువాత నేమియు ననక తన చెల్లెలిని వెనుక కూర్చుండబెట్టుకొని వెడలిపోయెను.

మన పాఠకురాండ్రకు మాత్రమే చెప్పదగిన మాట యొకటి కలదు. ఇట్టి ప్రయాణమున స్త్రీకి కష్టమైనది తొక్కుట కాదు, ఆగుట. మగవారు ఏ చెట్టుచాటుననైన నిలుతురు. మేము నీళ్ళు త్రాగుటకే వెనుకాడితిమి. ఆ యెండలో నది ప్రమాదము. దారిలో నొక పెట్రోలు బంకులో స్త్రీల మరుగుదొడ్డికి తాళము వేసియుండెను. తాళముచెవి గలవా డూరికి పోయెనట. తుదకు రోడ్డుప్రక్క యిల్లొకటి చూచి తలుపు తట్టి, ఉన్నమాట చెప్పితిమి. ఆ యిల్లాలు పెరటికి దారి చూపి, కాళ్ళు కడుగుకొన బకెట్టుతో నీళ్ళు పెట్టి, టీ కాచెను. ఇట్లు పోదలచువారు హోటళ్ళకంటె ఇండ్లనే నమ్ముకొనుట మంచిదని మా యభిప్రాయము.

సాయంకాలము సుజాతనగరు దాటి కొత్తగూడెము ప్రవేశించితిమి. 1920లో ఏర్పడిన సింగరేణి బొగ్గుగనుల సంస్థకు ఇదియే ముఖ్యస్థానము. ఇచ్చటి రైలు స్టేషనునకు భద్రాచలం రోడ్ అని పేరు. ఆ పేరు చూచి ఊరు వచ్చినదని దిగినవారికి దేవుడింకను సుమారు 40 కిలోమీటర్ల దూరమున నుండును. మా వదిన ఆ బోర్డును చూచి, "వదినా, పేరులోనే వచ్చేసింది!" అని నవ్వెను.

లాడ్జిలో గుమాస్తా పెద్ద పుస్తకము తెరచి పేరు, ఊరు వ్రాసికొని, తోడు వచ్చిన వారి గడివద్ద కలము నిలిపి మా వెనుకనున్న ద్వారమువైపు చూచెను. పదవసారి. మా వదిన పుస్తకమును తనవైపు త్రిప్పుకొని యా గడిలో తానే రెండవ పేరు వ్రాసెను. ఆయన దానిని కొంతసేపు చూచి, తాళముచెవి యిచ్చి, సైకిళ్ళు బయట నుంచవలదు, లోపలికి తెచ్చుకొనుడని చెప్పెను.