కురుసడై పగడాల వేసవి

రామేశ్వరం వెళ్లే మన యాత్రికులు పంబన్ వంతెన మీద రైలు కిటికీలోంచి చూసే సముద్రానికి దక్షిణాన మన్నార్ సింధుశాఖ. మండపం వైపు నుంచి తూత్తుకుడి దాకా వరసగా 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు. 1986 నుంచి ఇది జాతీయ సముద్ర ఉద్యానవనం. ఏప్రిల్ నెలాఖరున కుందుకాల్ రేవులో అటవీశాఖ పడవెక్కి కురుసడై దీవికి వెళ్లాను.

లోతు తక్కువున్న చోట ఇంజను ఆపారు. గోధుమరంగు పగడాల మధ్య ఒక కొమ్మల పగడం సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపించింది. చచ్చిపోయిందా అని అడిగాను. "లేదు సార్, ప్రాణం ఉంది. నీళ్లు చల్లబడితే రంగొస్తుంది," అన్నాడు వెంట వచ్చిన కాపలాదారు, యాత్రికుల దగ్గర పట్టుబడిన తెలుగులో.

నీటి వేడి 30 డిగ్రీలు దాటి వారాల తరబడి దిగకపోతే, పగడం తన ఒంట్లో ఉండే సూక్ష్మ నాచును వెళ్లగొడుతుంది. దాని రంగూ, తిండిలో ఎక్కువ పాలూ ఆ నాచు ఇచ్చేవే. కొన్నాళ్లు ఆకలితో బతుకుతుంది. వేడి తగ్గకపోతే పోతుంది. 2016లో ఇక్కడి దిబ్బల మీద సజీవ పగడాలు కప్పిన భాగం సుమారు 39 శాతం నుంచి 23కి పడిపోయింది. ముందు పోయినవి త్వరగా పెరిగే కొమ్మల రకాలే. బండల్లా పెరిగేవి చాలావరకు తట్టుకున్నాయి.

సముద్రం వేడెక్కడాన్ని ఏ శాఖా ఆపలేదు. ఆ వేడికి తోడయ్యే బాధలను మాత్రం తగ్గించవచ్చు. తెగిపోయి దిబ్బలకు చుట్టుకున్న వలలు తీస్తారు. సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ అనే విదేశీ నాచు ఈ దీవి పగడాలను కప్పేస్తుంటే చేతులతో పీకుతారు. పీకిన చోటే మళ్లీ మొలుస్తుంది, మళ్లీ దిగుతారు. తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ రెండు దశాబ్దాలకు పైగా పగడపు ముక్కలను కాంక్రీటు చట్రాలకు కట్టి పెంచుతోంది. మంచి పనే. కానీ ఉన్న దిబ్బను కాపాడే ఆ పీకుడు పనికే నేను ముందు డబ్బు పెట్టమంటాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన కాకినాడ, విశాఖల్లోలాగే ఇక్కడా మరపడవల వేట బంద్. చేపల సంతతి కోసం పెట్టిన ఆ విరామం సరిగ్గా పగడాల కష్టకాలంలోనే పడుతుంది.

తిరుగు దారిలో చిన్నపాలం అనే ఊళ్లో ఆగాను. అక్కడి ఆడవాళ్లు వేళ్లకు గుడ్డ చుట్టుకుని, పాదాలకు రేకు పలకలు కట్టుకుని సముద్రపు పాచి కోసం మునుగుతారు. నెలకు 12 రోజులే కోయాలని వాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు. పార్కు హద్దులొచ్చాక దీవుల దగ్గర కోయడం నేరమైంది. ఏ పగడం ఎక్కడ తెల్లబడిందో రోజూ నీళ్లలో మునిగే వీళ్లకంటే ముందు ఎవరు చూస్తారు? పగడాల కాపలా పనిలో వాళ్లకు జీతమిచ్చే ఉద్యోగాలుండాలి.