పొట్టల కొట్టుకునేది

"మీ బిడ్డ ఏం జేస్తది?" అని జహీరాబాద్‌లో ఎవరన్నా అడిగితే మా అమ్మ "కంప్యూటర్ల డాక్టర్ పని" అంటుంది. రెండువైపులా తప్పే. నేను మెడికల్ కోడర్ని. బి.ఫార్మసీ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేసి, సీపీసీ పరీక్ష రాసి, ఆరేళ్ళుగా హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆస్పత్రుల ఆపరేషన్ నోట్సు చదువుతున్నాను. ఏ జబ్బుకి ఏ నంబరో, ఏ కోతకి ఏ నంబరో వేస్తే దాన్నిబట్టి అక్కడి ఇన్సూరెన్స్ డబ్బులిస్తుంది. పేషెంట్ మొహం కనపడదు. కనపడాల్సిన పనీ లేదు.

నాకు పడింది రక్తనాళాల విభాగం. అందులో ఎక్కువగా వచ్చేది పొట్టలోని పెద్ద ధమని ఉబ్బే జబ్బు. అబ్డామినల్ అయోర్టిక్ ఎన్యూరిజమ్, మేం ట్రిపుల్ ఏ అంటాం. మామూలుగా రెండు సెంటీమీటర్లుండే నాళం, సైకిల్ ట్యూబు ఒకచోట పలచబడి బుడగ లేచినట్టు లేస్తుంది. మగవాళ్ళలో 5.5 దాటితే సాధారణంగా ఆపరేషన్ చేద్దామంటారు. పొట్ట కోసి గుడ్డ గొట్టం కుట్టడం పాత పద్ధతి. తొడ దగ్గర్నుంచి స్టెంట్ గ్రాఫ్ట్ ఎక్కించడం కొత్తది. 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడీ అనే సర్జన్ మొదలుపెట్టాడు.

కోడర్ మొదట వెతికేది ఒక్కటే: పగిలిందా, లేదా? కోసి కుడితే 35081, పగిలాక కుడితే 35082. రెండు కాళ్ళ వైపూ చీలే గ్రాఫ్ట్ అయితే 34705, పగిలితే 34706. చివరి అంకె ఒక్కటే తేడా. పగిలినవాళ్ళలో చాలామంది ఆస్పత్రి దాకా కూడా రారు కాబట్టి ఆ రెండో నంబర్లు తక్కువే వేస్తాం. 2018లో ఈ కోడ్లన్నీ మార్చినప్పుడు, అప్పటిదాకా వేరుగా బిల్లు చేసే ఎక్స్‌రే పనిని కూడా గ్రాఫ్ట్ నంబర్లోనే కలిపేశారు. తొడలో కోత లేకుండా సూదితోనే 12 ఫ్రెంచ్, అంతకన్నా లావు గొట్టం దింపితే మాత్రం 34713 అదనం. అయితే డాక్టర్ ఆ సైజు రాయాలి. రాయలేదంటే చెయ్యనట్టే. మా వృత్తిలో అదే వేదం.

ఇంత తెలుసు నాకు.

2023 దసరాకి ఇంటికెళ్తే పెద్దనాయిన అరుగు మీద బీడీ కాలుస్తూ, "బిడ్డా, పొట్టల ఏందో కొట్టుకుంటది. ఎల్లెలకల పండుకుంటే గుండె కిందికి జారినట్టు అయితది" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని బొడ్డు పైన పెట్టబోయాడు కూడా. నేను చెయ్యి లాక్కుని నవ్వాను. "గ్యాస్ పెద్దనాయినా, ఆ మిర్చి బజ్జీలు తగ్గియ్యి" అన్నాను. ఆయన కూడా నవ్వాడు.

ఆ మాట నేను వారానికి పదిసార్లు చదువుతాను. పల్సటైల్ అబ్డామినల్ మాస్. దానికి కోడు తెలుసు, దాని పక్కన ఏముండాలో తెలుసు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నలభై ఏళ్ళ బీడీ. ఇంగ్లీషులో టైపు చేసి పంపి ఉంటే ఒక్క సెకనులో పట్టుకునేదాన్ని. తెలుగులో చెప్పాడు. బజ్జీ అన్నాను.

సంక్రాంతికి నడుం నొప్పి మొదలైంది. కిడ్నీలో రాయేమోనని అన్న బీదర్ తీసుకెళ్ళాడు. మాకు సంగారెడ్డి కన్నా బీదరే దగ్గర. అక్కడి స్కానింగ్ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. 6.2 సెంటీమీటర్లు. నేనప్పుడు ఆఫీసులోనే ఉన్నాను. ఎదురుగా స్క్రీన్ మీద ఓహాయోలో ఎవరిదో 5.8.

హైదరాబాద్‌లో సీటీ తీస్తే కిడ్నీలకు వెళ్ళే నాళాల అంచు దాకా ఉబ్బు ఉందన్నారు. అమెరికావాళ్ళు దీనికి 2022 అక్టోబర్ 1 నుంచి వేరే నంబరిచ్చారు, ఐ71.42. అంతకుముందు అన్ని ఉబ్బులకీ ఒకటే ఐ71.4. ఆ మార్పు మీద ట్రైనింగ్ ఇచ్చింది మా టీమ్‌లో నేనే. కానీ అలాంటిచోట మామూలు స్టెంట్ గ్రాఫ్ట్ పట్టుకోడానికి జాగా ఉండదని, అందుకే పొట్ట కోయాలని డాక్టర్ వివరించినప్పుడు, మొదటిసారి విన్నట్టే విన్నాను. నాకది నాలుగో అంకె. అంతే.

తెల్ల రేషన్ కార్డుంది. నెల కిందటే, డిసెంబర్ 9న, ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర నిలబడి ముందస్తు అనుమతి కోసం ఎదురుచూస్తుంటే నవ్వొచ్చింది. అవతల ఎక్కడో నాలాంటి మనిషే కూర్చుని పెద్దనాయిన కాగితాలు చూస్తుంటాడు. మొహం చూడడు. ఆయన టీ తాగి వచ్చే లోపు పగిలితే?

ముందురోజు రాత్రి పెద్దనాయినకి నిద్ర పట్టలేదు. ధైర్యం చెబుదామని ఐన్‌స్టీన్‌కీ ఇదే జబ్బని చెప్పాను. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ ఆ ఉబ్బు చుట్టూ సెలోఫేన్ చుట్టాడు.

"మిఠాయి కాయిదమా?"

"దాదాపు."

"మల్ల ఎన్నేండ్లు బతికిండు?"

"ఇంకో ఆరేండ్ల దాకా ఏం కాలే."

1955 ఏప్రిల్‌లో అది పగిలే పోయాడని చెప్పలేదు. మళ్ళీ ఆపరేషన్ వద్దన్నాడని అసలే చెప్పలేదు.

ఆపరేషన్ ఐదు గంటలు. బతికాడు. డిశ్చార్జ్ సమ్మరీలో ఆపరేషన్ గురించి మూడు లైన్లున్నాయి. క్లాంప్ ఎక్కడ వేశారో లేదు, కిడ్నీ నాళాల్ని ముట్టుకున్నారో లేదో లేదు. 35081 వెయ్యాలో, 35091 వెయ్యాలో తేలదు. మా ఆడిటరైతే వెనక్కి పంపేది. నేను మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఇంటికి పంపేముందు కుట్లు కనబడేలా ఫోటో తీశారు, బస్సు చార్జీలిచ్చి సంతకం పెట్టించుకున్నారు. "ఫోటోల నవ్వాల్నా?" అని పెద్దనాయిన అడిగాడు.

అల్లం చేను ఆ ఏడు కౌలుకిచ్చాం. పెద్దమ్మ నలభై రోజులు ఆస్పత్రికీ ఇంటికీ తిరిగింది. వీటికి ఏ పుస్తకంలోనూ నంబర్లు లేవు. ఉండాలని కూడా అనుకోను.

ఇప్పుడు ఊరెళ్తే నా కళ్ళు అరుగుల మీదికే పోతాయి. 65 నుంచి 75 ఏళ్ళ మధ్య ఉండి, ఎప్పుడన్నా పొగతాగిన మగవాళ్ళకి ఒక్కసారి స్కానింగ్ చెయ్యాలని అమెరికాలో సిఫార్సు ఉంది. దాని కోడు 76706. మా గల్లీలో ఆ లెక్కన నలుగురున్నారు. పెద్దనాయిన పక్కింటి తాతని బతిమాలి, పోయిన ఉగాదికి నేనే బీదర్ బస్సెక్కించాను. పడుకోబెట్టి, స్కానింగ్ కన్నా ముందు బొడ్డు పైన చెయ్యి పెట్టి చూశాను. నాకేం తెలియలేదు. రిపోర్టులో 1.9.

తాత నాతో మూడు రోజులు మాట్లాడలేదు, ఉత్తపుణ్యానికి డబ్బులు దండుగ చేయించానని.