వాసన నాయనమ్మది కాదు, పైపుది

కంటి ఆపరేషన్ అయ్యాక మా నాయనమ్మ తెనాలి దగ్గరి ఊరి నుంచి హైదరాబాద్‌లో మా అద్దె ఫ్లాట్‌కి వచ్చింది. ఆవిడకి 78 ఏళ్లు. అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న గది ఆవిడకే ఇచ్చాం. రెండు వారాలు తిరక్కుండానే ఆ బాత్రూమ్‌లో కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలైంది. చూడ్డానికొచ్చిన చుట్టాల్లో ఒకావిడ "పెద్దవాళ్లున్న గది కదా, ఆ మాత్రం ఉంటుందిలే" అనేసింది.

నాయనమ్మ విననట్టే కూర్చుంది. కానీ ఆ రోజు నుంచి సాయంత్రం అయిదు దాటితే మంచినీళ్లు ముట్టడం మానేసింది. అడిగితే, "మాటిమాటికీ బాత్రూమ్‌కి పోనక్కర్లేదు కదే అమ్మలూ" అంది. ఈ వయసులో నీళ్లు తగ్గిస్తే యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం వెంటనే పట్టుకుంటాయి. ఇక ఆ వాసన ఎక్కణ్నుంచి వస్తోందో తేల్చాల్సిందే అనుకున్నాను.

ఓనర్‌కి ఫోన్ చేస్తే ఫినాయిల్ పొయ్యమన్నారు. పోస్తే గంటసేపు ఫినాయిల్ వాసన, ఆ తర్వాత మళ్లీ అదే. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి కొట్టమని ఇంకొకరి సలహా. పొరపాటున కూడా ఆ పని చేయకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపేసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదకి తెస్తుంది.

అసలు డ్రైనేజీ గాలి ఇంట్లోకి రాకుండా ఆపేది ఫినాయిల్ కాదు, నీళ్లే. పైపు వంపులో ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. వాడిన నీళ్లు కిందికి పోతాయి గానీ, కింది గాలి ఆ నీళ్లు దాటి పైకి రాలేదు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు టాయిలెట్‌కి ఇలాంటి వంపుతో పేటెంట్ తీసుకున్నాడు. మన కమోడ్‌లో కనిపించే నీళ్లు చేసే పని కూడా ఇదే. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే ఆ నీళ్ల తలుపు ఎక్కడో లేదనే.

ఒక్కొక్కటే చెక్ చేశాను. ముందు నేల మీది జాలీలో బకెట్ నీళ్లు పోశాను. నీళ్లు ఎండిపోయిన ట్రాప్ అయితే దాంతో సరిపోవాలి. వాసన తగ్గలేదు. రాత్రికి పాలిథీన్ కవర్‌లో నీళ్లు నింపి ముడేసి, ఆ జాలీ మీద బరువుగా పెట్టాను. తెల్లారి తలుపు తీస్తే వాసన అలాగే ఉంది. అంటే జాలీ తప్పు లేదు. కమోడ్‌లో నీళ్లు మామూలుగానే ఉన్నాయి, అడుగున సిమెంట్ ఎక్కడా పగల్లేదు.

మిగిలింది వాష్ బేసిన్. కిందికి వంగి చూస్తే ఒక ప్లాస్టిక్ స్ప్రింగ్ పైపు నేరుగా గోడలోని రంధ్రంలోకి పోతోంది. ఎక్కడా వంపు లేదు. పైగా పైపు చుట్టూ వేలు పట్టేంత సందు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, టిష్యూ పేపర్ ముక్క ఆ సందు దగ్గర పట్టుకున్నాను. అది బయటికి రెపరెపలాడింది. ఫోన్‌లో వీడియో తీశాను. ఆ రాత్రి సందులో తడిగుడ్డ కుక్కి, బేసిన్‌కి మూత పెడితే తెల్లారికి వాసన లేదు.

మరి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు? ఇంతకుముందు ఆ బాత్రూమ్ కిటికీ ఎప్పుడూ తెరిచే ఉండేది. నాయనమ్మకి చలిగాలి పడదు, కిటికీ వేసేసుకునేది. నేల తడారితే జారదని ఫ్యాన్ వేసేది. వాసన గురించి మాట పడ్డాక పగలూ రాత్రీ ఆపడమే మానేసింది. ఫ్యాన్ గాలిని బయటికి తోస్తే, ఆ లోటు నిండడానికి ఎక్కణ్నుంచో గాలి రావాలి. కిటికీ మూసి ఉంది కాబట్టి డ్రైనేజీ నుంచి వచ్చింది. పాపం, వాసన పోవాలని ఆవిడ వేసిన ఫ్యానే దాన్ని లోపలికి లాగింది.

ఇది వాసనతో పోయే విషయం కూడా కాదు. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో మూడొందల మందికి పైగా సార్స్ సోకింది. బాత్రూమ్ నేల ట్రాపుల్లో నీళ్లు ఎండిపోవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పైపుల్లోని గాలిని లాగడం అందుకు కారణాల్లో ఒకటని దర్యాప్తులో చెప్పారు.

ప్లంబర్ వచ్చి బేసిన్ కింద బాటిల్ ట్రాప్ బిగించి, పైపు చుట్టూ రబ్బరు వాషర్ వేసి సందు మూసేశాడు. సామాను, కూలీ కలిపి వెయ్యి లోపే అయింది. వీడియో చూశాక ఓనర్ ఆ డబ్బులు అద్దెలో తగ్గించుకోమన్నారు. అదే వీడియో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లోనూ పెట్టాను, "వాసన ఇక్కడి నుంచి" అని ఒక్క ముక్క రాసి. ఆ చుట్టం చూసింది, ఏమీ అనలేదు.

నాయనమ్మ మాత్రం ఆ వీడియో మూడుసార్లు వేయించుకుంది. "అయితే నాది కాదన్నమాట" అంది. ఆ రాత్రి మంచం పక్కన చెంబు నిండా నీళ్లు పెట్టమని తనే అడిగింది.

మీ ఇంట్లో వాడని బాత్రూమ్ ఉంటే వారానికోసారి జాలీలో రెండు మగ్గుల నీళ్లు పొయ్యండి. ఊరెళ్లేటప్పుడు ఆ నీళ్ల మీద ఒక చెంచా వంటనూనె వేస్తే త్వరగా ఆవిరైపోవు. వాసన వస్తే మాత్రం ఇంట్లో మనుషుల వంక చూడకండి. టిష్యూ పేపర్ ముక్క తీసుకుని బేసిన్ కింద కూర్చోండి.