బొగ్గుతో గీసిన గుసాడీలు

ఈ ఏడు బడి తెరిచాక నాలుగు నెలలు నేనెందుకు కనిపించలేదని చాలామంది అడిగారు. నాకు వచ్చినది రుమాటిక్ జ్వరం. ముందు గొంతునొప్పి వస్తుంది, తర్వాత మోకాళ్ళు, మడమలు వాస్తాయి. కొందరికి అది గుండె కవాటాన్ని కూడా పట్టుకుంటుంది. (కవాటమంటే గుండె లోపలి తలుపు అనుకోండి.) నాకు అలాగే పట్టింది. ఇంకా ఎన్నో ఏళ్ళు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి.

హైదరాబాదులో మందులు వాడినన్నాళ్ళు శేరిలింగంపల్లిలో మా మేనమామ దగ్గర ఉన్నాను. కడుతున్న బిల్డింగుకు ఆయన వాచ్‌మన్. మాది రేకుల గది. చుట్టూ అద్దాల మేడలు, పగలంతా కాంక్రీటు మిషను మోత. రాత్రి మోత ఆగితే నా గుండె చప్పుడు నాకే వినబడేది. ఆడొద్దు, ఉరకొద్దు అన్నారు డాక్టరుగారు. మరి దీపావళికి దండారీ ఎలా? ఈ మాట ఎవరితోనూ అనలేదు.

మామ ఒకరోజు బొగ్గుముక్క ఇచ్చి, "గోడ ఉన్నది గద, గియ్యి. ఎట్లయినా సున్నం ఏస్తరు" అన్నాడు. గుసాడీ నెమలి ఈకల టోపీతో మొదలుపెట్టాను. ఒక్కో ఈకా గీస్తుంటే పొద్దు గడిచిపోయేది, గుండె చప్పుడు యాదికి రాకపోయేది. అన్నట్టే సున్నం వేశారు. ఇంకో గోడ చూసుకున్నాను.

ఒక ఆదివారం మాదాపూర్ శిల్పారామం తీసుకుపోయాడు. 1992లో పెట్టారట. అక్కడ కుమ్మరి, సాలె బొమ్మలు మనిషంత ఉన్నాయి. వాటి చేతివేళ్ళు చాలాసేపు చూశాను, నాకు వేళ్ళు కుదరవు మరి.

సూది వేసే సిస్టరు నా బొమ్మలు చూసి ఆనందా శంకర్ జయంత్ గారి సంగతి చెప్పింది. ఆమె హైదరాబాదు నర్తకి, రైల్వేలో అధికారిగా పనిచేశారు, 2007లో పద్మశ్రీ వచ్చింది. 2008లో రొమ్ము క్యాన్సరు అని తేలింది. ఆపరేషను, కీమో మందులు తీసుకుంటూనే నాట్యం సాగించారు. 2009లో మైసూరు సభలో ఆ కథ చెప్పి, ఆడి చూపించారు. ఆమె మందు మానలేదు, గమనించండి. బొమ్మలతో నా జబ్బు తగ్గిందని మా ఊళ్ళో కొందరంటున్నారు. తగ్గించింది సూది. రోజులు గడిపించింది బొమ్మ.

మొన్న దండారీలో నన్ను ఆడనివ్వలేదు. డప్పులవాళ్ళ పక్కన నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళంతా బూడిదతో ఒక గుసాడీ వచ్చి, వంగి చూసి, "గజ్జెలేవిరా?" అన్నాడు.

గీశాను. ఈ పక్కన అంటించినది అదే.